గోడల్లో నడిచిన గొంతు

నమోదు 212. వెలుగు.

పడమటి పొట్ట దగ్గర తోలు పలచబడింది. లోపలి నుంచే అతుకు వేశాను. జంట దారం. గాలి మామూలుగా ఉంది. బయటికి వెళ్ళలేదు.

ఊరిని మోసే బుడగ తోలుకి అతుకులు వేసే తోలు పనివాళ్ళం పని దిగాక ఇక్కడ నాలుగు ముక్కలు రాయాలని మా మేస్త్రీ కూర్మయ్య మావ పెట్టిన రూలు. అతుకుల సంగతే రాయాలి. కానీ ఈమధ్య అతుకుల గురించి రాద్దామని కూర్చుంటే చెయ్యి వేరే దారిన పోతోంది. పోనీ. మావ ఇవి చదవడు. ఆయనకి చత్వారం, కళ్ళజోడు పెట్టుకోమంటే నామోషీ.

నా తోడబుట్టిన అప్ప నూకరత్నం పోయాక మా ఊరు ఎగువపేట ఈ వేగుచుక్క గోళాన్ని మళ్ళీ ఒక చుట్టు చుట్టి వచ్చింది. గాలి మా ఊరిని మోసుకుపోతూనే ఉంటుంది కదా, ఎవరున్నా ఎవరు పోయినా. సగం చుట్టు వెలుగు, సగం చుట్టు చీకటి. ఈ వెలుగు కూడా అప్ప లేకుండానే వచ్చింది. సూర్యుడు పళ్ళెమంత పెద్దగా పైకి లేచాడు, కింద మబ్బులన్నీ నెయ్యి కాచినట్టు మెరిశాయి. అందరూ కిటికీ అద్దాల దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నారు. నేను వెళ్ళలేదు.

నేనూ అప్పా జంటగా పనిచేసేవాళ్ళం. ఊరి పొట్ట కింద, మబ్బుల మీద, పక్కపక్క తాళ్ళకి వేళ్ళాడుతూ. ఆ రోజు గాలి ఒక్కసారిగా తిరగబడింది. నా కొక్కెం నన్ను పట్టుకుంది. అప్ప కొక్కెం విరిగింది. తర్వాత ఆ ముక్కను కోసి చూస్తే లోలోపల మబ్బుల్లోని యాసిడ్ తినేసి ఉంది. పైకి మాత్రం కొత్తదానిలా తళతళలాడుతోంది. ఎవరి తప్పూ లేదని తేల్చారు. నిజమే, లేదు. ఎవరినైనా తిట్టుకునే వీలున్నా బాగుండేది.

కిందికి వెళ్ళినవాళ్ళకి మా ఊళ్ళో దహనం ఉండదు. కింద ఉన్నది ఎలాగూ కొలిమే. పెద్దకర్మ నాడు అప్ప రవికా దువ్వెనా పెట్టి దణ్ణం పెట్టాం. దువ్వెనలో ఇంకా నాలుగు వెంట్రుకలు ఉన్నాయి.

కూర్మయ్య మావ నా పక్కన కూర్చుని, "టైము పడతాదే గుంటా. మరి సేసేదేటున్నాది," అన్నాడు.

"బాగున్నాను మావా," అన్నాను.

నమోదు 213. చీకటి.

ఉత్తరపు గదిలో అతుకు. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాను. మళ్ళీ వంకరే.

చోడి అంబలి ముందు పెట్టుకుని కూర్చుంటే అది చల్లారిపోయింది. పారబోయడానికి మనసు రాక, పక్కింటివాళ్ళకి ఇచ్చాను. ఇక్కడ గింజ పండించడమంటే మాటలు కాదు. అంత కష్టపడి పండించినదాన్ని నాలాంటిదానికి పెట్టడం దండగ అనిపించింది. అనిపించాక ఆ మాట పోలేదు. అక్కడే కూర్చుంది.

సూటు తుడుస్తున్నప్పుడు, యాసిడ్ మరకల మీద సోడా నీళ్ళు పోస్తున్నప్పుడు, అదే మాట. దండగ. అప్ప ఉండి నేను పోయినా ఊరికి నష్టం ఉండేది కాదు. అప్ప కుట్టు నాకన్నా బాగుంటుంది. అందరికీ తెలుసు.

ఎవరైనా ఎదురుపడి "ఎలగున్నావు వరాలూ" అంటే "బాగున్నాను" అంటున్నాను. ఎంత బాగా చెబుతున్నానంటే, వాళ్ళు నిజమేననుకుని వెళ్ళిపోతున్నారు.

నమోదు 215. వెలుగు.

ఈ రోజు జరిగింది రాయాలి. అతుకుల సంగతి ఏమీ లేదు. ఇదే ఉంది.

భోజనాల వేళ. అందరూ వంటశాల వైపు వెళ్ళారు. నేను కూడా అటే వెళ్తున్నాననుకున్నాను. చూసుకుంటే బయటి తలుపు దగ్గర ఉన్నాను. పని లేదు, సూటు లేదు, తాడు లేదు. మెడలో తలుపు తాళంచెవి మాత్రం ఉంది. తోలు పనివాళ్ళందరి మెడలోనూ ఉంటుంది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తలుపులోని గుండ్రటి అద్దంలోంచి మబ్బులు కనిపిస్తున్నాయి. అవి చాలా మెత్తగా కనిపించాయి. అవి మెత్తగా కనిపించడం చూసి నాకు భయం వేసింది. అంత భయం తాడు మీద వేళ్ళాడినప్పుడు కూడా వేయలేదు.

తలుపు పక్కన గోడకి ఒక పసుపు స్విచ్చి ఉంటుంది. దాని మీద చెవి బొమ్మ. ఊళ్ళో ప్రతి నడవలోనూ, పది పదిహేను అంగలకొకటి ఉంటుంది. 'ఆలకింపు' అంటారు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను, గోడ మీద మరకను చూసినట్టు. అది ఎవరి కోసమో అనుకునేదాన్ని. నొక్కాను.

"చెప్పు బిడ్డా. నేను రాజవ్వను. తంగేడుపల్లె నుంచి మాట్లాడుతున్న. ఇంటున్న."

ముసలి గొంతు. కొంచెం బొంగురుగా ఉంది. తంగేడుపల్లె అంటే మాలాంటిదే ఇంకో ఊరు. ఎక్కడో ఈ గోళానికి అవతలి పక్కన తేలుతూ ఉంటుంది. నేనెప్పుడూ చూడలేదు.

స్విచ్చి మీంచి వేలు తియ్యలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. గోడలోంచి ఆమె ఊపిరి వినిపిస్తూ ఉంది. చాలాసేపటికి, "ఏటి సెప్పాలో తెల్దు," అన్నాను.

"తెల్వకుంటే తెల్వకపోనీ. నేను యాడికీ పోతలేను."

తర్వాత నేను ఏవేవో అన్నాను. అప్ప పోయిందనీ, కుట్టు వంకర పోతోందనీ, అంబలి దండగనీ. ఒకదానికొకటి పొంతన లేదు. ఆమె మధ్యలో అడ్డు రాలేదు. "ఊ," "ఊ" అంటూ ఉంది. అంతా అయ్యాక చాలా మామూలుగా, మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టు అడిగింది.

"బిడ్డా, సక్కగనే అడుగుతున్న. చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?"

ఇన్నాళ్ళలో ఎవరూ నా ముందు ఆ మాట అనలేదు. ఊరంతా ఆ మాట చుట్టూ తప్పుకుని నడిచింది. నేను కూడా. ఆమె దాన్ని తీసి మా ఇద్దరి మధ్యా పెట్టేసరికి నా గుండెల మీద బరువేదో కొంచెం పక్కకి జరిగింది.

"అవును," అన్నాను. "అవునో కాదో. అప్పుడప్పుడు. ఇప్పుడు."

"చెప్పినందుకు మంచిది బిడ్డా. చానా కష్టమైన మాట చెప్పినవ్. ఇప్పుడు యాడున్నవ్?"

"బయటి తలుపు కాడ."

ఆమె గొంతు మారలేదు. "ఆ తలుపు కాడికెల్లి జర లోపలికి నడుస్తవా? నేను నీ ఎంబడే వస్త."

"ఎలగొస్తావు? గోడలో ఉన్నావు కదా."

"నడువు, సూద్దువు గాని."

నడిచాను. వెనక స్విచ్చిలో ఆమె మాట సన్నబడుతూంటే, ముందు స్విచ్చి దానంతటదే వెలిగి అందులోంచి అదే గొంతు వినిపించింది. "ఆఁ, ఈడున్న." ఇంకొన్ని అంగలు వేశాను. "ఈడ కూడ ఉన్న." మలుపు దగ్గర, నీళ్ళ కుళాయి దగ్గర, బచ్చలి పెంచే గది గుమ్మం దగ్గర. నేను ఎక్కడికి వెళ్తే అక్కడ గోడ వెలుగుతోంది. నేను ఆగితే ఆమె ఆగుతోంది. ఇన్నేళ్ళుగా ఈ నడవల్లో తిరిగాను. ఈ గోడలకి నడవడం వచ్చని నాకు తెలియదు.

బచ్చలి గదిలో ఎవరూ లేరు. తీగల మధ్య నేల మీద కూర్చున్నాను. తడి మట్టి వాసన.

"నువ్వు మిసనువా?" అని అడిగాను. అడిగాక సిగ్గేసింది.

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. చాలాసేపు దగ్గింది. "మిషినైతే గింత దగ్గు వస్తదా? మనిషినే బిడ్డా. అరవై దాటినయి. మోకాళ్ళ నొప్పులు."

"మరి నా మాట అంత దూరం ఎలగొస్తన్నాది?"

"మధ్యల బుడగలున్నయి కద, గాలిల. నీ మాటను ఒకటి పట్టుకుని ఇంకోదానికిస్తది. అట్ల అట్ల నా దాంక. మబ్బులు, ఉరుములు, చీకటి, అన్నీ దాటొస్తది." ఆగి, "నువ్వు గిప్పుడు ముక్కు చీదినవు సూడు, అది కూడ దాటొచ్చింది," అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. నా ముక్కు చీదడాన్ని మోసుకుంటూ ఇంత పెద్ద ఆకాశంలో బుడగలన్నీ వరుసగా నిలబడి ఉన్నాయి. నేను దండగైతే అవి ఎందుకు నిలబడినట్టు?

అప్పుడు ఆమె, "మీ అప్ప ఎట్లుండెడిది?" అని అడిగింది.

అందరూ అప్ప ఎలా పోయిందని అడిగారు. ఎలా ఉండేదని ఎవరూ అడగలేదు. అప్ప కూర వండితే ఉప్పు ఎక్కువేస్తుందని చెప్పాను. నిద్రలో కబుర్లు చెబుతుందని, తెల్లారి అడిగితే ఒప్పుకోదని చెప్పాను. భూమి నుంచి వచ్చిన ఎండుచేప ముక్క ఒకటి దాచి, ఏడాది తర్వాత తీసి, నాకు సగం ఇచ్చి, అది అసలు పాడైపోయిందని ఇద్దరం తిన్నాకే తెలిసిందని చెప్పాను. రాజవ్వ మళ్ళీ నవ్వి మళ్ళీ దగ్గింది. అంతసేపూ అప్ప కిందికి వెళ్ళిన మనిషి కాదు. ఉప్పెక్కువేసే మనిషి.

చివరికి ఆమె, "నువ్వు బయటికి పోయే తాళం నీ మెడల్నే ఉందా?" అంది.

"ఉన్నాది."

"కొన్నాళ్ళు అది నీ కాడ లేకుంటే మంచిది. ఎవరికిస్తవు?"

కూర్మయ్య మావ పేరు చెప్పాను. చెప్పి వెంటనే వద్దన్నాను. "తోలు పనిలోంచి తీసేత్తాడు. పిరికిదాన్నని అనుకుంటాడు."

"అనుకుంటే అనుకోనీ. ముందు నువ్వుండు. నువ్వు పిలుస్తవా, నేను పిలువనా?"

నేనే పిలిచాను. మావ చేతికి అన్నం అంటుకునే వచ్చాడు. బచ్చలి తీగల మధ్య నన్ను చూసి గుమ్మంలో ఆగిపోయాడు. నేను తాళం తీసి చాపాను. ఆయన తాళం వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. తుఫాను గాలిలో ఊరి కొన మీద నిలబడి కేకలు వేసే మనిషి, మోకాళ్ళ మీద మెల్లగా నేల మీదికి దిగాడు. తాళం తన మెడలో వేసుకున్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, చేతులు జోడించి అడిగాడు.

"అమ్మా, నాను కూర్మయ్యని. ఈ గుంటకి మావని. నాకేటి తెల్దు. ఏటి సెయ్యాల సెప్పు."

"ఏం చెప్పకు తమ్మీ. బుద్ధులు చెప్పకు. పక్కన కూసో. ఇంత తినిపియ్యి. ఒంటిగ ఇడువకు. ఇయ్యాలనే డాక్టరమ్మ కాడికి తీస్కపో."

"ఒంటిగా ఒగ్గను," అన్నాడు మావ. "ఒగ్గనమ్మా."

నమోదు 216. వెలుగు.

కూర్మయ్య మావ ఇంట్లో ఉన్నాను. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది, మందు ఇచ్చింది. వెంటనే పనిచేయదట, ఓపిక పట్టాలట. ఆమె నన్ను పిరికిదాన్నని అనలేదు. "సాలా మంచి పని సేసినావు వరాలూ," అంది, నేనేదో చిరుగు అతికినట్టు.

మావ గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాడు. గురక పెడితే గోడలు అదురుతున్నాయి. నేను నిద్రపోయాను.

నమోదు 219. వెలుగు.

ఈ రోజు బాగాలేదు. పొద్దున బాగానే ఉండి, తర్వాత ఎందుకో అంతా మళ్ళీ కిందికి జారింది. చివరికి స్విచ్చి దగ్గరికి వెళ్ళాను. మావ పక్కనే ఉన్నాడు, నొక్కమన్నాడు.

మగగొంతు. కుర్రవాడు కాదు, పెద్దవాడూ కాదు. "చెప్పుండ్రి, నా పేరు సాయన్న. ఇంటున్న."

"రాజవ్వ నేదా?"

"అవ్వ పండుకున్నది. లేపమంటే లేపుత."

వద్దన్నాను. కట్టేద్దామనుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేదు. ఆ మాటే అన్నాను.

"చెప్పకుండ్రి," అన్నాడతను. "ఊరికెనే ఉందాం. నేను గూడ ఊరికెనే ఉంట."

నిజంగానే ఊరికే ఉన్నాం. నేను గోడకి తల ఆనించాను. అతనెప్పుడో ఒకసారి గొంతు సవరించుకున్నాడు, ఉన్నానని తెలియడానికి. అదే చాలింది. ఎందుకు చాలిందో నాకు అర్థం కాలేదు.

తర్వాత రాజవ్వ తనే పిలిచింది. ఈ వెలుగులో పిలుస్తానని ముందే మాట ఇచ్చింది, పిలిచింది. నేను సాయన్న గురించి చెప్పి, మీరంతా ఎంతమంది, ఇదే మీ ఉద్యోగమా అని అడిగాను.

"ఉద్యోగమేంది బిడ్డా. మా ఊళ్ళె వంటకు వంతులుంటయి, నీళ్ళకు వంతులుంటయి. గట్లనే ఇనుటానికి వంతులు. మంచిగ నేర్పిచ్చినంకనే కూసుండబెడ్తరు. పెద్దోళ్ళందరికీ వస్తది వంతు. సాయన్న గోడలకు రంగులేస్తడు. నేను బట్టలు కుడ్త."

"ఊరందరూనా?"

"ఒకప్పుడు మా ఊళ్ళె వరుసగ చానా మంది పోయిండ్రు, ఎవరికీ చెప్పుకోలేక. పక్కింట్లోనే ఉన్నరు, మాకు తెల్వనే లేదు. అప్పటిసంది ఈ వంతులు పెట్టుకున్నం. ముందు మా ఊరికే. తర్వాత, బుడగలున్నయి కద, అన్ని ఊర్లకు ఎందుకియ్యద్దు అనుకున్నం."

ఒక ఊరు. ఊరికి ఊరే. అక్కడ ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకుని, గాలిలోంచి వచ్చే గొంతు కోసం చెవి ఒగ్గి కూర్చుంటారు. నేను పుట్టక ముందు నుంచీ కూర్చున్నారు. అప్పతో కలిసి తాడు మీద నవ్వుతున్నప్పుడు కూడా వాళ్ళు అక్కడ కూర్చునే ఉన్నారు. ఆ సంగతి మావకి చెబితే ఆయన చాలాసేపు తల గోక్కుని, "మరైతే మనమేటి సేత్తన్నాం ఇన్నాళ్ళూ?" అన్నాడు.

నమోదు 226. వెలుగు.

తంగేడుపల్లె వస్తోందని నిన్న కబురు వచ్చింది.

గాలి పొరలు ఎప్పుడో గానీ రెండు ఊళ్ళని దగ్గరికి తీసుకురావు. వచ్చినా ఆగవు. గాలి ఆపితే ఆగేది కాదు. పక్కపక్కనే కాసేపు సాగి విడిపోవాలి. దిగడానికి లేదు, తాడు వేయడానికి లేదు. చూడటమే.

ఊరి నెత్తి మీదికెక్కి చూస్తానని డాక్టరమ్మని అడిగాను. ఇప్పుడే బయటికి వద్దంది. నాకు కోపం వచ్చింది. తలుపు గట్టిగా వేసి వచ్చాను. నడవలో సగం దూరం వచ్చాక ఆగిపోయాను. కోపం! నాకు ఒక వస్తువు కావాలనిపించి, అది దొరకనందుకు కోపం వచ్చింది. మావకి చెబితే మావ కళ్ళు తుడుచుకున్నాడు. కోపం వస్తే ఏడుస్తావేంటి మావా అంటే, "నీకు తెల్దులే గుంటా," అన్నాడు.

అద్దాల గదిలో ఊరంతా చేరింది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారు. నేను గోడ పక్కన, పసుపు స్విచ్చికి చెయ్యి ఆనించి నిలబడ్డాను. రాజవ్వ వంతు ఇదే వేళ. వినే గదికి కిటికీ ఉందట.

ముందు మబ్బు రంగు మారింది. తెల్లగా ఉన్నది లేత పసుపైంది. తర్వాత ఉబ్బింది. లోపలి నుంచి ఎవరో నిద్ర లేస్తున్నట్టు మెల్లగా పైకి లేచి, విచ్చుకుంది. తంగేడుపల్లె బయటికి వచ్చింది.

నేను కొండ చూడలేదు. బొమ్మల్లో చూశాను. కొండ ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను, కానీ కొండ కదలదు కదా. ఇది కదులుతోంది. మబ్బు నీళ్ళలా దాని భుజాల మీదుగా కారిపోతోంది. దాని తోలంతా తంగేడు పువ్వు రంగు, ఎండ పడి మండుతున్నట్టుంది. ఆ తోలు లోపల ఏముంది? ఊపిరి. బయటి గాలి కన్నా తేలికైన, వాళ్ళు పీల్చి వదిలే ఊపిరే అంత ఊరినీ మోస్తోంది. మా ఊరినీ అదే మోస్తోంది. చిన్నప్పుడు చదువుకున్నాను. ఈ రోజే చూశాను.

ఒక ముసలామె "ఒలమ్మో" అంది.

"కనిపిస్తున్నమా?" అంది రాజవ్వ గోడలోంచి.

"కనిపిత్తన్నారు అవ్వా." మెడ చాచి చూశాను. "ఏ కిటికీ?"

"ఏమో బిడ్డా. మా ఇల్లు బయటికెల్లి ఎట్లుంటదో నేనెన్నడు సూసిన? కింది వరుసల్లో ఏదో ఒకటి. గుడ్డ ఊపుతున్న, సూడు."

చూశాను. కిటికీలు వరుసలు వరుసలుగా, గోరంత గోరంతగా ఉన్నాయి. అన్నిటిలోనూ ఏదో ఊగుతోంది. గుడ్డలు, తువ్వాళ్ళు, చేతులు. అందులో ఒక చెయ్యి సాయన్నది. మిగతావి ఎవరివో నాకు తెలియదు. ఏదో ఒక రోజు, ఏదో ఒక గొంతు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళ చేతులు అవన్నీ.

రెండు చేతులూ ఎత్తి ఊపాను. "ఎవులికే?" అన్నాడు మావ. "అందరికీ," అన్నాను. ఆయన కూడా తువ్వాలు తీసి ఊపాడు. తర్వాత గదిలో అందరూ ఊపారు. ఎందుకో వాళ్ళకి తెలియకపోవచ్చు. లేదా తెలిసే ఊపారేమో. ఈ గదిలో ఆ స్విచ్చి నొక్కినదాన్ని నేనొక్కదాన్నే అని ఎందుకనుకోవాలి?

"బిడ్డా," అంది రాజవ్వ. ఆమె వెనక చిన్నగా గంట మోగుతోంది. "ఇంకెవరో పిలుస్తున్నరు."

తంగేడుపల్లె ఇంకా మా ఎదురుగానే ఉంది. ఇంకాసేపు ఉంటుంది. మళ్ళీ ఎన్నేళ్ళకి వస్తుందో తెలియదు.

"ఎల్లు అవ్వా," అన్నాను. "బేగి ఎల్లు."

గోడలో దీపం ఆరింది. అవతల, కింది నుంచి రెండో వరుసలో, ఊగుతున్న ఎర్ర గుడ్డ ఒకటి ఆగి, చటుక్కున లోపలికి పోయింది.